టిబెట్ చుట్టూ తిరిగి రెండైన పిట్ట

దసరా దాటేసరికి మన చింతచెట్లలోకీ మామిడితోటల్లోకీ ఒక చిన్న పిట్ట వచ్చి చేరుతుంది. బరువు సుమారు 8 గ్రాములు. వీపు పచ్చదనం కలిసిన బూడిదరంగు, పొట్ట మాసిన తెలుపు, కంటిమీద కనుబొమ్మలాంటి లేత చార, రెక్కమీద మరొక సన్నని గీత. ఆకుల సందుల్లో పురుగుల కోసం నిలకడ లేకుండా తిరుగుతుంది కనుక కంటికి చిక్కడం అరుదు. కానీ రెండక్షరాల దాని కూత మాత్రం వేసవి ముదిరేదాకా రోజూ వినిపిస్తూనే ఉంటుంది. పక్షి పరిశీలకులు దీన్ని గ్రీనిష్ వార్బ్లర్ అంటారు. శాస్త్రనామం ఫిల్లోస్కోపస్ ట్రోకిలాయిడీస్. ఒక జాతి రెండు జాతులుగా ఎలా విడిపోతుందన్న ప్రశ్నకు జీవశాస్త్రవేత్తలు వెతికి పట్టుకున్న సాక్ష్యాల్లో, ఇంత సాదాగా కనిపించే ఈ పిట్ట కథ ఎంతో విలువైనది.

ముందు జాతి అంటే ఏమిటో తేల్చుకోవాలి. రంగులోనో పరిమాణంలోనో తేడా కనిపిస్తే వేరే జాతిగా లెక్కించడం పాత పద్ధతి. 1942లో జీవశాస్త్రవేత్త ఎర్న్‌స్ట్ మయర్ బలంగా ముందుకు తెచ్చిన నిర్వచనం ప్రకారం, తమలో తాము జతకట్టి సంతానాన్ని పొందుతూ, ఇతర సముదాయాలతో అలా కలవకుండా ఉండే ప్రాణుల సముదాయమే జాతి. నిర్వచనం చక్కగానే ఉంది. అయితే ఒక జాతి రెండుగా చీలడానికి లక్షల ఏళ్ళు పడుతుంది. ఆ నడిమి దశలన్నిటినీ ఏ మనిషీ ఒక జీవితకాలంలో చూడలేడు. ఇంకా చీలని పిట్టలూ, పూర్తిగా చీలిపోయిన పిట్టలూ మాత్రమే మన కంటపడుతుంటే, మధ్యలో ఏం జరిగిందో ఊహించుకోవడం తప్ప గత్యంతరం ఉండదు. గ్రీనిష్ వార్బ్లర్ ప్రత్యేకత ఇక్కడే ఉంది. కాలక్రమంలో ఒకదాని తర్వాత ఒకటిగా రావాల్సిన దశలు దీని విషయంలో భూమిమీద పక్కపక్కనే పరుచుకుని ఉన్నాయి.

ఈ పిట్ట గూడు కట్టుకునేది అడవుల్లో. టిబెట్ పీఠభూమిమీద చెట్లు లేవు, దానికి ఉత్తరాన తక్లమకాన్, గోబీ ఎడారులున్నాయి. అందువల్ల ఈ పిట్టల వేసవి నివాసం ఆ చెట్లులేని ప్రాంతం చుట్టూ ఒక ఉంగరంలా ఏర్పడింది. దక్షిణాన హిమాలయాల్లో ట్రోకిలాయిడీస్ అనే ఉపజాతి ఉంటుంది. అక్కడినుంచి పడమరగా కశ్మీర్ వైపు వెళితే లడ్లోయి, ఇంకా పైకి మధ్య ఆసియా పర్వతాలమీదుగా పశ్చిమ సైబీరియా దాకా వెళితే విరిడానస్ కనిపిస్తాయి. తూర్పు దారిలో వెళితే మధ్య చైనాలో అబ్‌స్క్యూరేటస్, ఆపైన తూర్పు సైబీరియాలో ప్లంబీటార్సస్. ఈ రెండు దారులూ మధ్య సైబీరియాలో కలుస్తాయి. ఉంగరం పొడవునా పక్కపక్క గుంపుల మధ్య తేడా స్వల్పం. ఒకటి ఎక్కడ ముగిసి మరొకటి ఎక్కడ మొదలవుతుందో గీత గీసి చెప్పడం కష్టం. కానీ మధ్య సైబీరియాలో ఎదురుపడిన రెండు చివరలు మాత్రం ఒకే అడవిలో ఉంటూ కూడా రెండు వేర్వేరు జాతుల్లాగే ప్రవర్తిస్తాయి. విరిడానస్ రెక్కమీద ఒకటే గీత, ప్లంబీటార్సస్ రెక్కమీద రెండు. పాటలు వేరు, కూతలు వేరు, జతలూ వేరు.

ఈ సంగతిని మొదట పసిగట్టినవాడు క్లాడ్ టైస్‌హర్స్ట్ అనే బ్రిటిష్ పక్షిశాస్త్రవేత్త. ఆయన 1938లో ఈ ప్రజాతి మొత్తంమీద ఒక సమగ్ర గ్రంథం వెలువరించాడు. ఆయన చేతిలో ఉన్నవి సంగ్రహాలయాల్లో భద్రపరిచిన పిట్టల చర్మాలు. వాటి రెక్కల గీతల్నీ ఈకల రంగుల్నీ పోల్చి చూసి, దక్షిణాన ఉన్న పిట్టలు రెండు దారుల్లో ఉత్తరానికి విస్తరించి, చివరికి సైబీరియాలో పరాయివాళ్ళలా ఎదురుపడ్డాయని ఆయన ఊహించాడు. తర్వాత మయర్ దీన్ని వలయ జాతికి, అంటే పక్కపక్క గుంపులు కలుస్తూనే ఉన్నా రెండు చివరలు మాత్రం కలవని ఉంగరంలాంటి జాతికి, ఉదాహరణగా తీసుకున్నాడు. అప్పట్లో వలయ జాతి అనగానే అందరూ చెప్పే మరో ఉదాహరణ, ఉత్తర ధ్రువం చుట్టూ విస్తరించిన హెర్రింగ్ గల్ అనే సముద్రపక్షి. 2004లో డీఎన్ఏ ఆధారంగా జరిగిన పరిశోధన ఆ ఉదాహరణ నిలవదని తేల్చింది. పాఠ్యపుస్తకాల్లో దశాబ్దాలపాటు నిలిచిన ఉదాహరణే కూలిపోయిందంటే, గ్రీనిష్ వార్బ్లర్‌నూ నిశితంగా పరీక్షించి చూడాల్సిందే.

ఆ పరీక్షను అంతకుముందునుంచే ఎక్కువగా తలకెత్తుకున్నది డారెన్ ఇర్విన్ అనే జీవశాస్త్రవేత్త. ఆయన హిమాలయాల్లోను, మధ్య ఆసియాలోను, సైబీరియాలోను తిరిగి మగపిట్టల పాటలు రికార్డు చేశాడు. దక్షిణాన పాటలు చిన్నవి, సరళమైనవి. ఏ దారిన ఉత్తరానికి వెళ్ళినా పాట పొడవూ సంక్లిష్టతా పెరుగుతూ వస్తాయి, కానీ పెరిగే తీరు ఒకటి కాదు. పడమటి దారిలో పాటలోని ఒక్కొక్క ఖండం పొడుగవుతుంది; తూర్పు దారిలో ఖండాలు పొట్టిగానే ఉండి వాటి సంఖ్య పెరుగుతుంది. ఒకే చిన్న పదాన్ని ఒక గాయకుడు దీర్ఘమైన ఆలాపనతో సాగదీస్తే, మరొకడు చిట్టిచిట్టి స్వరాలతో నింపినట్టు ఉంటుంది. ఇద్దరూ సంక్లిష్టత వైపే వెళ్ళారు, అయినా చివరికి ఒకరి పాట మరొకరి పాటలా లేకుండా పోయింది.

ఈ తేడా మన చెవికే తెలుస్తోందా, పిట్టలకూ తెలుస్తోందా అన్నది అసలు ప్రశ్న. దానికి జవాబు రాబట్టే పద్ధతి సులువైనదే. మగపిట్ట తన హద్దుల్లో ఉన్నప్పుడు దగ్గర్లో ఒక స్పీకరు పెట్టి మరో మగపిట్ట పాట వినిపిస్తారు. దాన్ని తన జాతి ప్రత్యర్థిగా గుర్తిస్తే అది స్పీకరు మీదికి దూసుకొస్తుంది, లేకపోతే పట్టించుకోదు. పక్కపక్క గుంపుల పాటలకు పిట్టలు స్పందించాయి. సైబీరియాలో మాత్రం విరిడానస్ మగపిట్ట ప్లంబీటార్సస్ పాటను పట్టించుకోలేదు, ఇది పాడితే అదీ పట్టించుకోలేదు. ఇర్విన్, స్టాఫాన్ బెన్ష్, ట్రెవర్ ప్రైస్ కలిసి ఈ ఫలితాలను 2001లో ‘నేచర్’ పత్రికలో ప్రచురించారు. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఈ ప్రయోగం కొలిచింది మగపిట్టల స్పందనను. జతను ఎంచుకునేది ఆడపిట్ట. మగపిట్ట ప్రత్యర్థిగా లెక్కచేయని పాటను ఆడపిట్ట వరుడి పాటగా ఎంచదని అనుకోవడం సబబే అయినా, అది ఒక మెట్టు ఎక్కి చెబుతున్న మాట అని గుర్తుంచుకోవాలి.

పాటకే ఇంత ప్రాధాన్యం ఎందుకు? పాడే పక్షుల్లో పాట పూర్తిగా పుట్టుకతో రాదు. పిల్లపిట్ట చుట్టూ ఉన్న పెద్ద పిట్టల పాట విని, మనసులో పెట్టుకుని, తర్వాత తానే తడబడుతూ సాధన చేసి నేర్చుకుంటుంది. ఏ పాటను శ్రద్ధగా వినాలి, ఎలాంటి ధ్వనులు పలకగలదు అన్నవి కొంతవరకు పుట్టుకతో వస్తాయి, మిగిలినదంతా నేర్పు. నేర్చుకునే ప్రతి తరంలోనూ చిన్న చిన్న పొరపాట్లు, కొత్త మలుపులు వచ్చి చేరుతాయి. శ్రీకాకుళం యాసకూ చిత్తూరు యాసకూ మధ్య తేడా ఒక్క ఊరి పొలిమేరలో పుట్టలేదు. ఊరూరా కొద్దికొద్దిగా మారుతూ పోయింది. పిట్టల పాటా అలాగే మారుతుంది. ఐతే ఆ రెండు యాసలవాళ్ళు కలుసుకున్నప్పుడు కాస్త తడుముకునైనా ఒకరినొకరు అర్థం చేసుకుంటారు, వియ్యమందుకుంటారు. పిట్టకు పాటే గుర్తింపు చీటీ. ఆ చీటీ చదవలేని ఆడపిట్టకు ఎదుటిది తన జాతి మగపిట్ట కాదు.

పాట సంక్లిష్టత ఉత్తరానికే ఎందుకు పెరిగిందన్నదానికి ఇర్విన్ ఇచ్చిన వివరణ లైంగిక ఎంపిక చుట్టూ తిరుగుతుంది. ఆడపిట్టలకు ఎలాంటి పాట నచ్చుతుందన్నదాన్ని బట్టి మగపిట్టల పాట మారడమే లైంగిక ఎంపిక. దక్షిణాన, ఉత్తరాన బతుకు పరిస్థితులు ఒక్కలా ఉండవు. వలస దూరం, తిండి లభ్యత, ఒక అడవిలో ఎన్ని పిట్టలున్నాయన్న సంగతి, అన్నీ మారతాయి. పరిస్థితులు అలా మారినప్పుడు పాటను అదుపులో ఉంచే ఒత్తిడికీ పాటను ఆడంబరంగా మార్చే ఒత్తిడికీ మధ్య ఉన్న తూకం ఆడంబరం వైపు మొగ్గిందని ఆయన వాదన. ఈ వాదనలో నాకు చాలా విలువైనదిగా తోచేది ఏమిటంటే, రెండు దారుల్లోనూ ఒత్తిడి ఒకటే అయినా ఫలితం ఒకటి కాలేదు. వేర్వేరు పరిసరాలకు అలవాటు పడితేనే జాతులు విడిపోతాయని మనం సాధారణంగా అనుకుంటాం. ఇక్కడ ఉత్తరాన రెండు చివరల పరిసరాలూ దాదాపు ఒకే రకం అడవులే. ఒకే గమ్యం వైపు వేర్వేరుగా నడిచినా ఒకరికొకరు అపరిచితులు కావచ్చునన్నమాట.

పాటల లెక్క ఇంత చక్కగా కుదిరినా, జన్యువుల లెక్క అంత సులభంగా కుదరలేదు. ఉంగరం పొడవునా దూరం పెరిగేకొద్దీ జన్యుభేదం క్రమంగా పెరుగుతుందని 2005లో వచ్చిన పరిశోధన చూపింది. ఉత్తర చైనాలో ఈ పిట్టలు లేని ఖాళీ ఒకటుంది. అక్కడి అడవుల్ని మనుషులు నరికివేయడమే దానికి కారణం కావచ్చునని, ఆ మేరకు ఒకప్పుడు ఆ వైపు ఉంగరం తెగి లేదని పరిశోధకులు భావించారు. 2014లో జన్యుపటలం అంతటా వేలాది చోట్ల తేడాలు కొలిచినప్పుడు బొమ్మ మారింది. గతంలో గుంపుల మధ్య జన్యుప్రవాహం, అంటే జతకట్టడం ద్వారా జన్యువులు అటూ ఇటూ చేరడం, ఒకటికన్నా ఎక్కువ చోట్ల చాలాకాలం తెగిపోయిందని తేలింది. ఉత్తరాన ఒకచోట తెగింది, పశ్చిమ హిమాలయాల్లోనూ తెగింది. అక్కడ ఇప్పుడు విడిపోయిన గుంపులు మళ్ళీ కలిసి విశాలమైన సంకర మండలం, అంటే రెండు గుంపులూ కలిసి సంతానం కనే ప్రాంతం, ఏర్పడింది. సైబీరియాలో ఒకదాన్నొకటి పట్టించుకోని రెండు చివరల మధ్య కూడా అప్పుడప్పుడు సంకరం జరిగిన ఆనవాళ్ళు బయటపడ్డాయి. అయినా ఆ రెండూ కలగలిసిపోలేదు. అటునుంచి ఇటు వచ్చిన జన్యువులను ప్రకృతి వరణం ఏరివేస్తూ ఉండాలి.

దీంతో వలయ జాతి అన్న ఉదాహరణ కూడా చెల్లకుండా పోయిందని కొందరు నిరాశపడ్డారు. నాకు అలా అనిపించదు. ఎక్కడా తెగని, ఎన్నడూ విడిపోని ఉంగరం అన్నది పుస్తకంలో గీసుకునే బొమ్మ. వాతావరణం మారినప్పుడల్లా అడవులు కుంచించుకుపోతూ తిరిగి విస్తరించిన ఆసియా పర్వతాల్లో అలాంటిది ఉండాలని ఆశించడమే పొరపాటు. నిజంగా జరిగింది అంతకంటే ఆసక్తికరమైనది. గుంపులు విడిపోయాయి, కలిశాయి, కొన్నిచోట్ల కలగలిసిపోయాయి, మరికొన్నిచోట్ల కలగలవలేనంత దూరమయ్యాయి. ఒకే వంశంలో, ఒకే కాలంలో, ఈ స్థితులన్నీ కనిపిస్తున్నాయి. అందుకే ఇవాళ కొన్ని పక్షి జాబితాలు ప్లంబీటార్సస్‌ను టూ-బార్డ్ వార్బ్లర్ అనే వేరే జాతిగా లెక్కిస్తుంటే, మరికొన్ని అలా లెక్కించలేదు. విడిపోవడం ఇంకా సాగుతుండగా ఆ ప్రవాహానికి ఎక్కడ గీత గీయాలన్న నిర్ణయంలోనే ఆ తేడా ఉంది.

సంకర సంతానాన్ని ప్రకృతి ఎందుకు ఏరివేస్తుందో అర్థం చేసుకోవడానికి యూరప్‌లోని రెండు ఈగపట్టు పిట్టలు సాయపడతాయి. పైడ్ ఫ్లైక్యాచర్, కాలర్డ్ ఫ్లైక్యాచర్ అనే ఈ రెండు జాతులు బాల్టిక్ సముద్రంలోని గోట్లాండ్, ఓలాండ్ దీవుల్లో కలిసి బతుకుతూ, అప్పుడప్పుడు ఒకదానితో ఒకటి జతకడతాయి. పుట్టిన ఆడపిల్లలు గొడ్డువి అవుతాయి. మనుషుల్లో మగవాడికి రెండు రకాల లింగ క్రోమోజోములుంటే, పక్షుల్లో ఆడదానికి రెండు రకాలు ఉంటాయి. సంకరం వల్ల ముందుగా దెబ్బతినేది అలా రెండు రకాలున్న లింగమే అని హాల్డేన్ అనే బ్రిటిష్ జీవశాస్త్రవేత్త ఏనాడో గమనించాడు. అంటే పొరపాటున పరాయి జాతితో జతకట్టిన పిట్ట వంశానికి నష్టం తప్పదు. అలాంటిచోట జతను సరిగ్గా గుర్తించగల పిట్టలకే ఎక్కువ సంతానం మిగులుతుంది. 1997లో వెలువడిన ఒక పరిశోధనలో తేలిందేమిటంటే, ఈ రెండు జాతులూ కలిసి బతికే చోట్ల పైడ్ ఫ్లైక్యాచర్ మగపిట్టలు నలుపు వదిలి గోధుమరంగుకు మారాయి, ఆ రంగువల్ల ఆడపిట్టలు తమ జాతిని తేలిగ్గా గుర్తించగలుగుతున్నాయి. పక్షుల్లో సంకర సంతానం పూర్తిగా గొడ్డుపోయే దశ రావడానికి ఎన్నో లక్షల ఏళ్ళు పడుతుంది. పాటా రంగూ మాత్రం అంతకు చాలా ముందే అడ్డుగోడలు కడతాయి.

గ్రీనిష్ వార్బ్లర్లలో ఒక జాతి నుంచి మరో జాతికి మధ్య దశలన్నీ కళ్ళకు కడుతున్నాయంటే, అవేమీ లేకుండా పోయిన ఉదాహరణ మన దక్షిణాదిలోనే ఉంది. పశ్చిమ కనుమల్లో ఎత్తైన శిఖరాలమీద, షోలా అనే పొట్టి చెట్ల కొండ అడవుల్లో మాత్రమే బతికే కొన్ని పాడే పిట్టలున్నాయి. చుట్టూ వెచ్చని పల్లపు ప్రాంతం ఉంటే మధ్యలో చల్లని కొండకొప్పులు సముద్రంలో దీవుల్లా నిలుస్తాయి కనుక వీటిని ఆకాశదీవులంటారు. నీలగిరులకూ అన్నామలై, పళని కొండలకూ మధ్య సుమారు 30 నుంచి 40 కిలోమీటర్ల వెడల్పున పాలక్కాడ్ కనుమ ఉంది; మరింత దక్షిణాన సెంకోట్టై కనుమ ఉంది. మనం రైల్లో దాటిపోయే ఈ లోయలు ఆ చిన్న పిట్టలకు దాటలేని అగాధాలు. 2017లో వి.వి. రాబిన్, ఉమా రామకృష్ణన్ తదితరుల బృందం ఈ పిట్టల డీఎన్ఏను, రూపాన్ని, పాటను కలిపి పరిశీలించి రెండు కొత్త ప్రజాతులను ప్రకటించింది. రాబిన్ ఇప్పుడు తిరుపతిలోని ఐసర్ అనే జాతీయ విజ్ఞాన విద్యా సంస్థలో పరిశోధకుడు. అంతవరకు షార్ట్‌వింగ్‌లుగా పిలుస్తూ వచ్చిన నీలిపిట్టలు నిజానికి ఆ వంశానివే కావని, నీలిరంగు ఫ్లైక్యాచర్లకు దగ్గరి బంధువులని తేలడంతో వాటికి షోలికోలా అని పేరు పెట్టారు. ఆ కొండల్లోని లాఫింగ్‌థ్రష్‌లకు మాంటెసింక్లా అని పేరు పెట్టారు.

షోలికోలాలో ఇప్పుడు మూడు జాతులున్నాయి: పాలక్కాడ్ కనుమకు ఉత్తరాన ఒకటి, దక్షిణాన ఒకటి, సెంకోట్టై కనుమ దిగువన అషంబు కొండల్లో మరొకటి. మాంటెసింక్లాలో జాతులు నాలుగు, హద్దులు దాదాపు అవే లోయలు. రెండు వేర్వేరు వంశాల పిట్టలు అవే లోయల దగ్గర విడిపోవడం కాకతాళీయం కాదు. భూమి రూపమే గుంపుల్ని విడదీసిందనడానికి ఇంతకంటే బలమైన సాక్ష్యం అక్కర్లేదు. అదే బృందం 2016లో పాటల గురించి చెప్పిన మరో సంగతి నన్ను కలవరపెట్టింది. పురాతన లోయల వల్ల విడిపోయిన గుంపుల్లో మారిన పాట లక్షణాలు వేరు, ఇటీవల అడవులు నరికివేయడం వల్ల విడిపోయిన గుంపుల్లో మారినవి వేరు. జన్యువులు ఇంకా గమనించదగినంతగా మారకముందే, మనిషి గొడ్డలి పిట్ట పాటలో తన గుర్తు వేస్తోందన్నమాట. ఆ మార్పు కొత్త జాతి పుట్టుకకు దారితీస్తుందో, ఆ గుంపు అంతరించడానికి దారితీస్తుందో ఎవరూ ఇప్పుడే చెప్పలేరు. చిన్న గుంపులు సాధారణంగా రెండో దారినే పడతాయి.

ఇంత జరుగుతున్నప్పుడు కొత్త జాతులు పుంఖానుపుంఖాలుగా పుట్టుకు రావాలి కదా అన్న సందేహం సహజం. తూర్పు హిమాలయాల్లోని 358 పాడే పక్షి జాతుల వంశవృక్షాన్ని నిర్మించి ప్రైస్ బృందం 2014లో దీనికి జవాబిచ్చింది. అక్కడ దగ్గరి బంధువులైన జాతుల మధ్య ఎడబాటు సగటున 50 లక్షల ఏళ్ళకు పైమాటే. సంకరం సాధ్యంకానంత దూరం జరగడానికి సాధారణంగా అంత కాలం అవసరం లేదు. అంటే ఆలస్యం జరుగుతున్నది విడిపోవడంలో కాదు. విడిపోయిన రెండు గుంపులూ మళ్ళీ ఒకే కొండమీద పక్కపక్కన బతకడానికి కావలసిన తిండీ తావూ దొరకకపోవడంలో జరుగుతోంది. శరీర పరిమాణం, ముక్కు ఆకారం, కొండమీద ఏ ఎత్తున బతకాలన్న వాటాలు ఏనాడో పంచుకోవడం అయిపోయింది. కొత్తగా వచ్చే బంధువుకు కుర్చీ ఖాళీ లేదు.

ఈ ప్రైస్ పేరు ఆంధ్రలో పక్షుల్ని గమనించేవాళ్ళకు కొత్త కాదు. తూర్పు కనుమల్లో పక్షుల రాకపోకలు ఏ రుతువులో ఎలా ఉంటాయన్న ఆయన దీర్ఘ వ్యాసం 1979 నాటి బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ పత్రికలో అచ్చయింది. 1981లో గ్రీనిష్ వార్బ్లర్ శీతాకాల జీవితంమీద మరో వ్యాసం వెలువడింది. చలికాలంలో ఈ పిట్టలు గుంపులుగా తిరగవు. ఆడదైనా మగదైనా ఒక్కొక్క పిట్ట కొన్ని చెట్ల మేర తన హద్దుగా ఏర్పరచుకుని, ఆ రెండక్షరాల కూతతో ఇతరుల్ని తరిమేస్తూ నెలల తరబడి అక్కడే ఉంటుంది. మన తోటల్లో వినిపించేది పాట కాదు, ఆ హద్దు కూత. పాట ప్రధానంగా వేసవి గూటికాలంలో, ఇక్కడికి వేల కిలోమీటర్ల దూరంలో మొదలవుతుంది.

వలసదారి కూడా విడిపోవడంలో ఒక భాగమే. మన దగ్గర చలికాలం గడిపే విరిడానస్ పిట్టలు టిబెట్‌ను పడమటి వైపునుంచి చుట్టి సైబీరియా చేరతాయి. ప్లంబీటార్సస్ మాత్రం థాయిలాండ్, ఇండోచైనా అడవుల్లో చలికాలం గడిపి, తూర్పు వైపునుంచి చుట్టి అక్కడికే వెళుతుంది. దారి కొంతమేర పుట్టుకతో వచ్చే తెలివి. ఉత్తర అమెరికాలోని స్వెయిన్సన్స్ థ్రష్ అనే పిట్టలో ఇలాంటి రెండు వలసదారుల పిట్టల సంకర సంతానానికి ఇర్విన్, కిరా డెల్మోర్ చిన్న పరికరాలు అమర్చి చూస్తే, కొన్ని పిట్టలు రెండింటికీ మధ్యగా, ఎడారులూ పర్వతాలూ ఉన్న దారిన వెళ్ళాయి. సైబీరియాలో రెండు రకాల వార్బ్లర్లకూ పుట్టిన పిట్ట కూడా అలా నడిమి దారి పడితే దాని కింద ఉండేది టిబెట్. ఏప్రిల్‌లో మన చింతచెట్టు ఖాళీ చేసి వెళ్ళిన పిట్ట, కొన్ని వారాల తర్వాత మధ్య సైబీరియాలో ఒక కొమ్మమీద కూర్చుని పాడుతుంటే, పక్క చెట్టుమీద థాయిలాండ్ నుంచి వచ్చిన దాని దూరపు బంధువు పాడుతూ ఉంటుంది. రెండింటిలో ఏదీ తల తిప్పి చూడదు.